హ్యారీ డీన్ స్టాంటన్ కథని చివరి నుంచి చదవకండి

ప్రశ్న: నాకు 43 ఏళ్ళు. మాది పల్నాడు. పదిహేడేళ్ళ కిందట హైదరాబాద్ వచ్చాను. సినిమాల్లో, సీరియల్స్‌లో చిన్న వేషాలు వేస్తుంటాను. కానిస్టేబుల్, గుమాస్తా, పెళ్ళిచూపుల్లో మగపెళ్ళివారి తరఫు పెద్దమనిషి, ఇలాంటివి. నెలకి పది పన్నెండు రోజులు పని ఉంటుంది, కొన్ని నెలలు అదీ ఉండదు. బాబు తొమ్మిదో తరగతి. మా బావమరిదికి నరసరావుపేటలో ఎరువుల దుకాణం ఉంది. భాగస్వామిగా రమ్మంటున్నాడు, ఉగాది లోపు ఏదో ఒకటి చెప్పమన్నాడు. ఈ మధ్య ఒక రాత్రి ఫోన్లో 'పారిస్, టెక్సస్' అనే అమెరికన్ సినిమా చూశాను. అందులో హీరోగా చేసిన హ్యారీ డీన్ స్టాంటన్ దాదాపు ముప్పై ఏళ్ళు చిన్న వేషాలే వేసి, 58 ఏళ్ళప్పుడు మొదటిసారి హీరో అయ్యాడట. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆయనలా నేనూ ఓపిక పట్టాలా? లేక నాది ఒట్టి భ్రమా? నా భార్య ఏమీ అనదు. ఆయన గురించి కూడా కాస్త వివరంగా చెప్పండి.

— ఒక క్యారెక్టర్ ఆర్టిస్టు, కృష్ణానగర్

జవాబు: మీరు పేరు రాయలేదు. అలాంటివాళ్ళని మామూలుగా ఊరి పేరుతో పిలుస్తాను గానీ మిమ్మల్ని 'కానిస్టేబుల్ గారూ' అనాలనిపిస్తోంది, ఏమీ అనుకోకండి. పైన అచ్చయింది మీ ఉత్తరంలో సగమే. మిగతా సగంలో మీరు ఒక పోలీస్ స్టేషన్ సీను గురించి రాశారు. ఇన్‌స్పెక్టర్ ఎవరి మీదో అరుస్తుంటాడు. టీ తెచ్చిన కానిస్టేబుల్ మీరు. డైలాగ్ లేదు. గ్లాసు బల్ల మీద పెడితే ఆ కోపం తన మీదకి తిరుగుతుందని భయం, పెట్టకపోతే చెయ్యి కాలుతోంది. గ్లాసుని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ నిలబడ్డారు. అలా చెయ్యమని మీకెవరూ చెప్పలేదు. ఆ గ్లాసు దగ్గరికి మళ్ళీ వస్తాను.

ముందు మీ లెక్క సంగతి. మీరు స్టాంటన్ జీవితాన్ని చివరి నుంచి మొదటికి చదివారు. 58 అనే అంకె కనిపించగానే అందులోంచి మీ 43 తీసేసి, ఇంకా పదిహేనేళ్ళు చేతిలో ఉన్నాయి కదా అనుకున్నారు. నిద్ర పట్టనిది ఆ తీసివేత వల్లేనని నా అనుమానం. కానీ 43వ ఏట స్టాంటన్‌కి తన 58 సంగతి తెలియదు. ఆ వయసుకి ఆయన 'కెల్లీస్ హీరోస్' అనే యుద్ధం సినిమాలో క్లింట్ ఈస్ట్‌వుడ్ వెనక నడిచే దళంలో ఒక సైనికుడు. అది 1970లో వచ్చింది. పోస్టర్ మీద ఈయన మొహం వెతికినా దొరకదు.

ఆయన కథ మొదటి నుంచి చెబుతాను. చదువుతూ ఎక్కడ మీది ఆయనతో కలుస్తుందో, ఎక్కడ కలవదో మీరే గుర్తుపెట్టుకోండి.

1926 జులై 14న కెంటకీ రాష్ట్రంలో వెస్ట్ ఇర్వైన్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. తండ్రి పొగాకు పండించేవాడు, బార్బర్ పని కూడా చేసేవాడు. పొగాకు వేసిన ఇంట్లో డబ్బు ఎలా వస్తుందో, ఎలా పోతుందో మీ వైపు వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. పిల్లాడు హైస్కూల్లో ఉండగానే తల్లిదండ్రులు విడిపోయారు. రెండో ప్రపంచ యుద్ధంలో నేవీలో చేరాడు. యుద్ధ ట్యాంకుల్ని తీరానికి చేర్చే ఓడలో వంటవాడు. 1945లో ఒకినావా యుద్ధం జరుగుతున్నప్పుడు ఆ ఓడ అక్కడే ఉంది. తిరిగొచ్చాక లెక్సింగ్‌టన్‌లో యూనివర్సిటీ ఆఫ్ కెంటకీలో జర్నలిజం, రేడియో చదవడం మొదలుపెట్టాడు. అక్కడే నాటకాలు అంటుకున్నాయి. డిగ్రీ వదిలేసి కాలిఫోర్నియాలో పాసడీనా ప్లేహౌస్ అనే నాటక శిక్షణ సంస్థలో చేరాడు. మన ఇళ్ళల్లో అయితే ఈ 'డిగ్రీ వదిలేసి' దగ్గరే కథ ఆగిపోయేది.

సినిమాల్లో మొదటి వేషం 1956లో, హిచ్‌కాక్ తీసిన 'ది రాంగ్ మ్యాన్'లో. టైటిల్స్‌లో పేరు కూడా పడలేదు. తర్వాత పేరు పడే రోజులు వచ్చాయి గానీ అందులోనూ ఒక చిక్కు. అప్పటికే హ్యారీ స్టాంటన్ అనే ఇంకో నటుడు ఉన్నాడు. మన దగ్గరైతే ఒకే పేరుతో ఇద్దరుంటే ముందు ఊరి పేరో, హిట్టయిన సినిమా పేరో తగిలిస్తారు. ఈయన తన పేరులో సగం వదులుకుని చాలా ఏళ్ళు డీన్ స్టాంటన్‌గానే చలామణి అయ్యాడు.

మీకు అన్నిటికంటే ఉపయోగపడే భాగం ఇక్కడ మొదలవుతుంది. సినిమా వ్యాసాల్లో దీన్ని రెండు ముక్కల్లో దాటేస్తారు. 'ముప్పై ఏళ్ళ నిరీక్షణ' అని రాసేస్తారు. అది తప్పు. ఆ ముప్పై ఏళ్ళలో ఆయన ఖాళీగా కూర్చున్నది తక్కువ. అమెరికాలో ఇంటింటికీ టీవీ వస్తున్న రోజులవి. ఆ టీవీకి కౌబాయ్ కథలు ఎన్ని తీసినా చాలేవి కావు. 'గన్‌స్మోక్', 'రాహైడ్' లాంటి సీరియల్స్‌కి వారం వారం కొత్త దొంగలు కావాలి, ఆ ఎపిసోడ్ అయ్యేలోపు వాళ్ళు చావాలి. లోపలికి పోయిన బుగ్గలు, కిందకి జారిన కళ్ళు, ఎన్నాళ్ళుగానో నిద్రలేనట్టు ఉండే మొహం. స్టాంటన్‌ని చూడగానే ముఠాలో మూడోవాడు ఎవరో తెలిసిపోయేది. అలా పదులకొద్దీ ఎపిసోడ్లు చేశాడు. గుర్రం దొంగ, సాక్షి, ఊళ్ళో పనీపాటా లేనివాడు. వేషం చిన్నదే అయినా షూటింగ్‌కి రమ్మనే ఫోన్ మాత్రం మోగుతూనే ఉంది.

ఇంకో సంగతి. 1960లో అక్కడి నటుల సంఘం సమ్మె చేసింది. అప్పుడు సంఘానికి అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్, తర్వాత దేశాధ్యక్షుడైన ఆయనే. టీవీ కార్యక్రమాలు మళ్ళీ వేసినప్పుడు నటులకి ఎంతోకొంత ఇవ్వాలన్నది అప్పటికే ఉంది. ఆ సమ్మెతో సినిమాలు టీవీలో వేసినా వాటా వచ్చే ఏర్పాటు, పెన్షన్, ఆరోగ్య పథకం కూడా వచ్చాయి. అమెరికాలో క్యారెక్టర్ ఆర్టిస్టుగా ముసలితనం దాకా బతికినవాళ్ళ వెనక ప్రతిభ ఎంత ఉందో, ఈ ఒప్పందం కూడా అంత ఉంది. మీరు చేసిన సీరియల్ మధ్యాహ్నాలు మళ్ళీ మళ్ళీ వేస్తుంటే మీ ఇంటికి ఏమైనా వస్తోందా? మీ ఉత్తరంలో మీరే రాశారు, రోజు లెక్కన ఇచ్చారు, దానితో సరి అని. ఆయన ఓపికని అరువు తెచ్చుకోవచ్చు. ఆ ఓపికకి కింద నిలబెట్టిన స్తంభాన్ని తెచ్చుకోలేం.

రెండో తేడా ఇంకా సూటిది. స్టాంటన్ పెళ్ళి చేసుకోలేదు. జాక్ నికల్సన్ అప్పటికి ఇంకా పెద్ద స్టార్ కాదు, ఈయనకి దోస్తు. 1962లో నికల్సన్ పెళ్ళికి తోడు పెళ్ళికొడుకు స్టాంటనే. ఆ కాపురం చెదిరిపోయాక ఇద్దరూ కొన్నాళ్ళు ఒకే ఇంట్లో ఉన్నారు. తాగేవాడు, సిగరెట్లు ఆపకుండా కాల్చేవాడు, హార్మోనికా వాయిస్తూ మెక్సికన్ పాటలు పాడుకునేవాడు. నెల గడవకపోతే ఆయన ఒక్కడికే గడవదు. మీ ఇంట్లో తొమ్మిదో తరగతి పిల్లాడు ఉన్నాడు.

ఇప్పుడు ఆ నికల్సన్ చెప్పిన మాట గురించి చెబుతాను, ఎందుకంటే ఇది మీ టీ గ్లాసుకి సంబంధించింది. 1965లో యూటా ఎడారిలో ఒక చిన్న బడ్జెట్ కౌబాయ్ సినిమా తీశారు, 'రైడ్ ఇన్ ది విర్ల్‌విండ్'. మరుసటి ఏడు 1966లో బయటికొచ్చింది. కథ రాసింది నికల్సనే. స్టాంటన్‌కి ఒంటికన్ను దొంగల నాయకుడి వేషం ఇచ్చాడు. కంటికి గంత, తలమీద టోపీ. అలాంటి వేషం దొరికితే ఎవరైనా ఏం చేస్తారు? గొంతు మారుస్తారు, కనుబొమ్మలు ఎగరేస్తారు. నికల్సన్ మాత్రం నువ్వేమీ చెయ్యకు, నటన సంగతి ఆ బట్టలు చూసుకుంటాయి, నువ్వు నీలాగే ఉండు అన్నాడు. అప్పటికి పదేళ్ళుగా పని చేస్తున్న నటుడికి అది పాఠమైంది. అక్కడి నుంచే తన పద్ధతి మారిందని స్టాంటన్ తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు.

ఆ మార్పు కంటికి కనబడాలంటే 'ఏలియన్' చూడండి. 1979 సినిమా, రిడ్లీ స్కాట్ తీశాడు. తనకి సైన్స్ కథలన్నా, రాక్షసుల సినిమాలన్నా ఇష్టం లేదని స్టాంటన్ మొదటే డైరెక్టర్‌తో అనేశాడట. నాకూ ఇష్టం లేదు అన్నాడట స్కాట్. అందులో ఈయన అంతరిక్షనౌకలో మెకానిక్ బ్రెట్. పక్కన ఇంకో ఇంజినీరు పార్కర్. ఓడలో పైవాళ్ళకి వచ్చే వాటా మాకు ఎందుకు రాదని పార్కర్ సణుగుతుంటే బ్రెట్ 'రైట్' అంటాడు. ఏమన్నా 'రైట్' అంటాడు. ఆ ఒక్క ముక్కతో మనకి మనిషి తెలిసిపోతాడు. ఏ వర్క్‌షాపుకి వెళ్ళినా ఇలాంటివాడు ఒకడు ఉంటాడు.

తర్వాత పిల్లిని వెతుక్కుంటూ ఒంటరిగా ఒక పెద్ద గదిలోకి వెళతాడు. పైనుంచి గొలుసులు వేలాడుతుంటాయి, నీళ్ళు కారుతుంటాయి. అక్కడ చస్తాడని ప్రేక్షకుడికి తెలుసు. బ్రెట్‌కి తెలియదు. కాసేపు నిలబడి, టోపీ తీసి, మొహం పైకెత్తి ఆ నీళ్ళు మొహం మీద పడనిస్తాడు. అంతే. పని చేసి అలిసిపోయినవాడికి చల్లటి నీళ్ళు దొరికాయి. కథకి ఆ క్షణంతో పని లేదు, తీసేసినా ఎవరికీ తెలియదు. కానీ అది ఉండబట్టే తర్వాత జరిగేది మనకి గుచ్చుకుంటుంది. రాక్షసుడు చంపింది ఒక పాత్రని అనిపించదు, షిఫ్టు దిగాల్సిన ఒక మనిషిని అనిపిస్తుంది.

కానిస్టేబుల్ గారూ, మీరు గ్లాసు చేతులు మార్చుకున్నది ఈ జాతి పనే. పొగుడుతున్నానని అనుకోకండి. చాలా ఏళ్ళ కిందట ఒక సినిమా వారపత్రికలో ప్రూఫులు దిద్దుతూ ఎంతోమంది చిన్న నటుల ఉత్తరాలు చదివాను. 'నాకు డైలాగ్ ఇవ్వలేదు' అని రాసినవాళ్ళే ఎక్కువ. డైలాగ్ లేని చోట ఏం చేశారో రాసినవాళ్ళు నాకు గుర్తున్నంతవరకు ఇద్దరో ముగ్గురో. కాబట్టి మీ రెండో ప్రశ్నకి, అంటే భ్రమా కాదా అన్నదానికి, నా జవాబు ఇక్కడే అయిపోయింది. మీకు పని తెలుసు. మొదటి ప్రశ్న వేరు. పని తెలిసినంత మాత్రాన తిండి దొరకదు.

స్టాంటన్ ఓపిక గురించి కూడా మీకు ఒక అపోహ ఉంది. 'ఆయనలా ఓపిక పట్టాలా' అన్నారు. ఆయన ఓపికమంతుడేమీ కాదు, విసిగిపోయి ఉన్నాడు. 1980ల మొదట్లో న్యూమెక్సికోలోని శాంటా ఫే అనే ఊళ్ళో ఒక బార్లో నాటక రచయిత శామ్ షెపర్డ్ పక్కన కూర్చుని తాగుతూ తన గోడు వెళ్ళబోసుకున్నాడు. ఇన్నేళ్ళుగా వేస్తున్న వేషాలతో వెగటు పుట్టింది, కాస్త అందం, సున్నితత్వం ఉన్న పాత్ర ఒక్కటి చెయ్యాలని ఉంది అన్నాడు. వేషం అడగడానికి కాదు, కడుపులో ఉన్నది కక్కాడు. షెపర్డ్ అప్పుడు జర్మన్ దర్శకుడు విమ్ వెండర్స్ కోసం కథ రాస్తున్నాడు. అదే 'పారిస్, టెక్సస్'. కొన్నాళ్ళకి ఫోన్ వచ్చింది, అందులో హీరో ట్రావిస్ పాత్ర నువ్వు చేస్తావా అని.

ఇందులో అదృష్టం ఉంది, దాన్ని కాదంటే అబద్ధమవుతుంది. ఆ రాత్రి ఆ బార్లో ఇంకో సీట్లో కూర్చుని ఉంటే ఈ ఉత్తరం మీరు రాసేవారు కాదు. అయితే ఆ పక్క సీటు ఆయనకి ఊరికే దొరకలేదు. 'కూల్ హ్యాండ్ లూక్'లో ఖైదీగా భక్తిగీతం పాడినవాడిగా, 'గాడ్‌ఫాదర్' రెండో భాగంలో సాక్షికి కాపలా ఉన్న ఎఫ్‌బీఐ మనిషిగా, 'స్ట్రెయిట్ టైమ్'లో మధ్యతరగతి ఇంట్లో ఊపిరాడక మళ్ళీ దొంగతనానికి తయారయ్యే పాత దొంగగా షెపర్డ్ లాంటివాళ్ళకి ఆయన పని ముందే తెలుసు.

'పారిస్, టెక్సస్' మీరు చూశారు కాబట్టి కథ చెప్పను. చూడని పాఠకుల కోసం రెండు మాటలు: ఎర్ర టోపీ పెట్టుకున్న ఒక మనిషి నాలుగేళ్ళు కనబడకుండా పోయి ఎడారిలోంచి నడుచుకుంటూ వస్తాడు. చాలాసేపటిదాకా నోరు విప్పడు. తమ్ముడొచ్చి లాస్ ఏంజెలస్ తీసుకెళతాడు. అక్కడ తమ్ముడింట్లో పెరుగుతున్న తన కొడుకుని చూస్తాడు, వాడికి ఏడేళ్ళు. ఆ పిల్లాణ్ణి తీసుకుని, విడిపోయిన భార్యని వెతుక్కుంటూ హ్యూస్టన్ వెళతాడు. 1984లో కాన్ చిత్రోత్సవంలో దానికి పెద్ద బహుమతి పామ్ డోర్ వచ్చింది. స్టాంటన్‌కి అప్పటికి 58 ఇంకా నిండలేదు.

ఇక మీకు ఎవరూ చెప్పని భాగం. ఆ తర్వాత ఏమైంది? మీరు అనుకుంటున్నట్టు హీరో వేషాలు వరసకట్టలేదు. ఆస్కార్‌కి ఆయన పేరు ఒక్కసారి కూడా ఎంపిక కాలేదు, ఆ సినిమాకి సహా. అదే ఏడు 'రెపో మ్యాన్'లో కార్లు జప్తు చేసే ముసలివాడిగా మంచి వేషం పడింది, 1986లో 'ప్రెటీ ఇన్ పింక్'లో పెళ్ళాం వదిలేసి పోయిన తండ్రి. ఆపైన మళ్ళీ పాత దారే. 1999లో 'ది గ్రీన్ మైల్' చూడండి, జైల్లో ఎలక్ట్రిక్ కుర్చీ రిహార్సల్‌కి చనిపోబోయేవాడి బదులు కూర్చోబెట్టే ఖైదీ ఈయనే. అదే సంవత్సరం 'ది స్ట్రెయిట్ స్టోరీ'లో ఒకే ఒక సీను. ఒక ముసలాయన గడ్డి కోసే చిన్న ట్రాక్టరు మీద ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి వారాల తరబడి ప్రయాణం చేసి, మాటల్లేని అన్నదమ్ముల తగువు తీర్చుకోవడానికి వస్తాడు. ఆ అన్నదమ్ముల్లో రెండోవాడు స్టాంటన్. సినిమా అంతా ఆయన కోసమే నడిచి, చివరి నిమిషాల్లో ఆయన కనిపిస్తాడు. వాకిట్లో ఆ బండిని చూసి, నన్ను చూడ్డానికి దీని మీదే వచ్చావా అని అడుగుతాడు. అవునంటాడు ఇతను. స్టాంటన్ కళ్ళు ఆకాశం వైపు వెళతాయి. నేను ఎన్నిసార్లు చూసినా అక్కడ కళ్ళద్దాలు తీసి తుడుచుకోవాల్సి వస్తుంది. ఆ ట్రాక్టరు నడిపిన రిచర్డ్ ఫార్న్స్‌వర్త్ కూడా మీ దారివాడే. దశాబ్దాలు స్టంట్‌మన్‌గా గుర్రాల మీంచి పడ్డవాడు, ఆ వేషానికి 79వ ఏట ఆస్కార్ నామినేషన్ వచ్చింది.

షికాగో విమర్శకుడు రోజర్ ఈబర్ట్ సరదాగా ఒక సూత్రం పెట్టాడు: హ్యారీ డీన్ స్టాంటన్ గానీ, ఎమ్మెట్ వాల్ష్ గానీ సహాయ పాత్రలో ఉన్న సినిమా పూర్తిగా చెడిపోయినది కాదు అని. తర్వాత మినహాయింపులున్నాయని తనే ఒప్పుకున్నాడు, అది వేరే విషయం. ఈ వాల్ష్ ఇంకో రకం మనిషి. చదివింది బిజినెస్. చిన్నప్పుడే ఒక చెవి వినికిడి పోయింది. సెట్లో అందరికీ రెండు డాలర్ల నోట్లు పంచేవాడు. అరుదైన నోటు కదా, దాచుకుంటారు, దాచుకున్నన్నాళ్ళూ ఇచ్చినవాడు గుర్తుంటాడు. లైట్‌బాయ్ నుంచి కో-డైరెక్టర్ దాకా ఎవరు రేపు ఎవరికి మన పేరు చెబుతారో తెలియదని మీకూ తెలుసు.

స్టాంటన్‌కి మళ్ళీ కథంతా తన చుట్టూ తిరిగే చెప్పుకోదగ్గ సినిమా రావడానికి 33 ఏళ్ళు పట్టింది. 2017లో 'లక్కీ'. ఆయన కోసమే రాశారు. తీసింది జాన్ క్యారల్ లించ్, ఆయనా క్యారెక్టర్ ఆర్టిస్టే, డైరెక్షన్ అదే మొదలు. అందులో ఒక చిన్న ఎడారి ఊళ్ళో ఒంటరి ముసలివాడు, పొద్దున్నే లేచి కసరత్తు చేసి, టోపీ పెట్టుకుని హోటల్‌కి నడిచి వెళ్ళి కాఫీ తాగుతూ గళ్ళనుడి నింపుతాడు. నేవీలో వంటవాడిగా చేశానంటాడు. అది పాత్ర మాటా, మనిషి మాటా వేరు చెయ్యలేం. ఒక పిల్లాడి పుట్టినరోజు పార్టీలో ఉన్నట్టుండి మెక్సికన్ పాట అందుకుంటాడు. ఆ సినిమా అమెరికా థియేటర్లలోకి రావడానికి రెండు వారాల ముందు, సెప్టెంబర్ 15న, స్టాంటన్ చనిపోయాడు. 91 ఏళ్ళు.

అంటే అరవై ఏళ్ళ పనిలో పెద్ద వేషాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మిగతా వందకి పైగా సినిమాలు, ఆ టీవీ దొంగలు, అదీ ఆయన జీవితం. ఆ మిగతాది మీకు బతుకులా కనిపిస్తే ఆయన్ని ఆదర్శంగా తీసుకోండి. అది ఒక వెయిటింగ్ రూమ్‌లా, ఆ 58 మాత్రం రైలులా కనిపిస్తే తీసుకోకండి.

ఇక బావమరిది సంగతి. నన్నడిగితే వెళ్ళండి. కానీ సినిమా వదిలేసి వెళ్ళకండి. సినిమా మీదే ఇల్లు గడవాలనే పట్టు ఒక్కటీ వదలండి. ఎరువుల దుకాణానికి సీజన్లు ఉంటాయని మీకు నాకంటే బాగా తెలుసు. ఖరీఫ్‌కి రైతులు వచ్చే రోజుల్లో, రబీ మొదట్లో మీరు కౌంటర్ వదిలి కదలలేరు. ఎండాకాలం ఈగలు తోలుకోవాలి. ఆ ఖాళీ నెలల్లో షూటింగ్‌లకి వెళతానని, మిగతా నెలల్లో కూడా నాలుగైదు రోజులు కావాలని ముందే చెప్పండి. చెప్పడం కాదు, భాగస్వామ్య పత్రంలో రాయించండి, లాభంలో అందుకు తగ్గట్టు కోత కూడా ఒప్పుకోండి. బావమరిది మంచివాడే కావచ్చు. రెండో ఏడాది యూరియా లారీ వచ్చిన రోజు మీరు కారవాన్ల పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంటే ఎంత మంచివాడికైనా కోపం వస్తుంది. దుకాణం లైసెన్సు ఎవరి పేరున ఉందో, అప్పులు ఎంతో చూడండి. మీ వాటా కోసం ఇంట్లో బంగారం మాత్రం ముట్టుకోవద్దు.

సీరియల్‌లో కంటిన్యుటీ ఉన్న వేషం నరసరావుపేట నుంచి కుదరదు, అది పోతుంది. బాధగానే ఉంటుంది. రెండు మూడు రోజుల సినిమా వేషాలు కుదురుతాయి, రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి హైదరాబాద్. మీ మేనేజర్లకి, కో-డైరెక్టర్లకి 'ఊరెళ్ళిపోయాడు' అనే మాట చేరకముందే మీరే ఫోన్ చేసి, ఫలానా నెలల్లో ఉంటానని చెప్పండి. ఈ ఊళ్ళో మనిషి కనబడకపోతే మానేశాడనుకుంటారు. బాబుది వచ్చే ఏడు పదో తరగతి. మారిస్తే జూన్‌లో బడి తెరిచేటప్పుడే మార్చాలి, లేదా పది పూర్తయ్యేదాకా తల్లీకొడుకులు ఇక్కడే ఉండాలి. మధ్యలో మాత్రం కదపకండి.

ఇది నేను తేల్చేది కాదు కూడా. 'నా భార్య ఏమీ అనదు' అని ఒక్క వాక్యం రాసి ఊరుకున్నారు. మీరు చూసిన సినిమాలోనే హ్యూస్టన్ సీను గుర్తు చేసుకోండి. మధ్యలో అద్దం. అతనికి ఆమె కనిపిస్తుంది, ఆమెకి అతను కనిపించడు. అతను కుర్చీ వెనక్కి తిప్పుకుని, ఆమె మొహం చూడకుండా, ఫోన్లో తమ కథే ఎవరిదో కథలా చెబుతాడు. అంతకుముందు కాపురంలో చెప్పుకోలేనిదంతా అప్పుడు, అక్కడ. అందరూ ఆ సీన్లో స్టాంటన్ గొంతుని మెచ్చుకుంటారు, నేనూ మెచ్చుకుంటాను. కానీ ఆ మాటలు నాలుగేళ్ళ ముందు వంటింట్లో జరిగుంటే ఆ సినిమా ఉండేది కాదు, ఆ పిల్లాడికి తల్లీతండ్రీ ఉండేవారు. పదిహేడేళ్ళలో ఆవిడ ఎన్ని నెలలు ఎలా నెట్టుకొచ్చిందో మీకంటే ఆవిడకే బాగా తెలుసు. ఈ ఆదివారం టీవీ ఆపేసి, ఎదురుగా కూర్చుని, 'నీకేమనిపిస్తోంది' అని అడగండి. ఏమీ లేదంటే మళ్ళీ అడగండి. ఆవిడ వద్దంటే నేను పైన రాసిన ఎరువుల పురాణమంతా చించి అవతల పారేయండి.

ఒక చిన్న కోరిక. ఆ స్టేషన్ సీను ఏ సినిమాలోదో రాయలేదు. పేరు, వీలైతే సుమారుగా ఎన్నో నిమిషంలో వస్తుందో రాసి పంపండి. ఆ టీ గ్లాసు చేతులు మారడం నేను చూడాలి.